ఆర్‌ఎస్‌ఐ, మూవింగ్ యావరేజ్: ఏది ఎక్కడ పనికొస్తుంది?

1978లో వెల్స్ వైల్డర్ పరిచయం చేసిన ఆర్‌ఎస్‌ఐ (రిలేటివ్ స్ట్రెంత్ ఇండెక్స్) అనే సూచిక, సాధారణంగా గత 14 రోజుల పెరుగుదల, తగ్గుదలల సగటులను పోల్చి, ధర ఊపును 0 నుంచి 100 వరకు ఉండే కొలమానంపై చూపుతుంది. ధర ఒక పరిధిలో ఊగిసలాడుతున్నప్పుడు ఇది చక్కగా ఉపయోగపడుతుంది. ఇది 70 దాటితే ధర మరీ ఎక్కువగా పెరిగిందని, ఇక తగ్గవచ్చని చాలామంది భావిస్తారు. కానీ బలమైన ర్యాలీలో ఇది 70 దాటి వారాల తరబడి అక్కడే నిలవగలదు కాబట్టి, ఆ అంకె ఒక్కటే చూసి ఫ్యూచర్స్‌లో (భవిష్యత్ తేదీకి కుదుర్చుకునే ఒప్పందాల్లో) షార్ట్ చేయడం, అంటే ధర పడుతుందని ముందే అమ్మడం, నిజంగా ప్రమాదకరం.

గత కొన్ని రోజుల ధరల సగటైన మూవింగ్ యావరేజ్ ట్రెండ్‌ను, అంటే ధర సాగే దిశను, పట్టుకుంటుంది, అయితే ఆలస్యంగా. 2020 మార్చిలో కనిష్ఠాన్ని తాకిన నిఫ్టీ ఎంతో కోలుకున్న తర్వాతే దాని 50 రోజుల సగటు 200 రోజుల సగటును దాటి పెరుగుదల సంకేతమిచ్చింది. దిశలేని మార్కెట్‌లో ఇది పదేపదే తప్పుడు సంకేతాలిస్తుంది. అయినా నెలల తరబడి షేర్లు ఉంచుకునేవారికి నేను దీన్నే సూచిస్తాను. రెండూ గడిచిన ధరల నుంచే పుట్టినవి కనుక, అవి ఏకీభవించినంత మాత్రాన రెండు స్వతంత్ర సాక్ష్యాలు దొరికినట్లు కాదు.