0-0, 1-0 మ్యాచ్‌లలో స్టార్టర్‌నే ఉంచాలా, రిలీవర్‌ను దింపాలా?

బేస్‌బాల్‌లో పరుగులు రానప్పుడు మేనేజర్‌కు అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఇదే.

స్టార్టర్ (మ్యాచ్ మొదటి నుంచీ బంతులు వేస్తున్న పిచర్): ఆ రోజు అతని చెయ్యి ఎలా ఉందో అందరికీ తెలుసు.
రిలీవర్ (మధ్యలో అతని స్థానంలో వచ్చే పిచర్): తాజా చెయ్యి, కానీ మొదటి బంతి పడేదాకా తెలియదు.

స్టార్టర్‌తో ముప్పు: బ్యాటర్లు మూడోసారి ఎదురైనప్పుడు అతని బంతుల్ని చదివేస్తారు. వేగం తగ్గుతుంది, స్లైడర్ (పక్కకు తిరుగుతూ దిగే బంతి) కిందికి దిగకుండా పైనే ఉండిపోతుంది.
రిలీవర్‌తో ముప్పు: 2020 నుంచి అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో అతను కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగించాలి. తడబడినా వెంటనే మార్చలేరు.

1991 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఏడో మ్యాచ్‌లో మిన్నెసోటా ట్విన్స్ తన స్టార్టర్ జాక్ మోరిస్‌ను 10 ఇన్నింగ్స్, 126 బంతుల దాకా ఉంచి 1-0తో గెలిచింది. 2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌పై టాంపా బే రేస్ 1-0 ఆధిక్యంలో ఉండగా, 9 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) తీసిన స్టార్టర్ బ్లేక్ స్నెల్‌ను 73 బంతులకే తప్పించింది. తర్వాతి బ్యాటర్ మూకీ బెట్స్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు, ఆ ఇన్నింగ్స్‌లోనే ఆధిక్యం పోయింది, డాడ్జర్స్ 3-1తో గెలిచింది. అంతకుముందు బెట్స్ స్నెల్ చేతిలో రెండుసార్లూ స్ట్రైకౌటే! ఆ మార్పు తొందరపాటే.

వేగం నిలకడగా ఉండి, బ్యాటర్లు గాలిలోనే ఊపుతుంటే స్టార్టర్‌ను కదపొద్దు. వరుసగా వాక్‌లు (నాలుగు తప్పు బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) ఇస్తుంటే, బలమైన దెబ్బలు తగులుతుంటే రిలీవరే మేలు, అదీ అతను గత రెండు రోజులు వేయకుండా ఉంటేనే.