బూడిద వల్ల ఒక రోజు, ఏజెంటు వల్ల రెండు రోజులు

బాలి వెళ్లేవారికి ముందుగా ఒక్క మాట. టికెట్లు ఎవరి చేత కొనిపించినా, వాటిలో మీ ఫోను నంబరే ఉందో లేదో చూసుకోండి. మేము చూసుకోలేదు.

2025 జూన్‌లో అమ్మ, నా భార్య, పదేళ్ల అబ్బాయి, నేను బెంగళూరు నుంచి బయలుదేరాం. మారతహళ్లిలోని ఒక ఏజెంటుకు విమానం, ఐదు రాత్రుల బస కలిపి 1,86,000 రూపాయలు కట్టాం. దిగాక వీసాకు మనిషికి 5 లక్షల రూపియాలు (ఇండోనేషియా డబ్బు), పర్యాటక పన్ను మరో లక్షన్నర. మన లెక్కలో సుమారు 3,400 రూపాయలు. ఉబుద్, గుళ్లు, తీరాలు హాయిగా గడిచిపోయాయి. 1,717 మీటర్ల బాతూర్ అగ్నిపర్వతాన్ని తెల్లవారుజామున నేను, అబ్బాయి ఎక్కాం. పైన రాళ్ల సందుల్లోంచి వచ్చే ఆవిరిలో గైడు కోడిగుడ్లు ఉడికించి ఇచ్చాడు. వేడికి అబ్బాయి గుడ్డును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూనే తిన్నాడు.

అమ్మకు మాత్రం బాలిలోనే ఉన్న అగుంగ్ అగ్నిపర్వతం అంటే భయం. 1963లో అది పేలి వెయ్యి మందికి పైగా చనిపోయారని ఎక్కడో చదివి, రోజూ అటే చూసేది. తీరా మమ్మల్ని ఆపింది 800 కిలోమీటర్ల దూరంలో, ఫ్లోరెస్ దీవిలో ఉన్న లెవొటొబి లకి-లకి అగ్నిపర్వతం. 17వ తేదీ సాయంత్రం 5:35కు, మేము కూటా తీరంలో ఉండగా, అది పేలి 10 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు బూడిద చిమ్మింది. మాకు తెలియనే తెలియదు.

మరునాడు గది ఖాళీ చేసి, టాక్సీకి రెండు లక్షల రూపియాలు ఇచ్చి విమానాశ్రయానికి వెళ్తే బోర్డు మీద మా విమానం ఎదురుగా ఎర్ర అక్షరాలు. "ఆకాశం ఇంత నిర్మలంగా ఉంటే ఎందుకు ఎగరదండీ?" అని నా భార్య మండిపడింది. ఎగరకపోవడమే మంచిదైంది. ఆ బూడిద గాజులాంటి రాతిపొడి. ఇంజిను వేడికి కరిగి, లోపలి రెక్కలకు అతుక్కుంటుంది. విమానంలోని వాతావరణ రాడారుకు కనిపించదు. 1982లో జావాలోని గలుంగుంగ్ బూడిదలో చిక్కుకున్న బోయింగ్ 747కు నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. చాలా కిందికి జారాక తిరిగి అంటుకోబట్టి జకార్తాలో దిగగలిగింది. అందుకే విమాన సంస్థ మీద నాకు కోపం లేదు.

కోపమంతా ఏజెంటు మీదే. రద్దు కబురు, ఉచితంగా తేదీ మార్చుకోమన్న కబురు ఉదయమే అతని ఫోనుకు వచ్చాయట. మాకు చెప్పలేదు. పదకొండుసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. కౌంటరులో అమ్మాయి ఓపికగా వెతికింది కానీ, అప్పటికే 19, 20 తేదీల సీట్లు నిండిపోయాయి. 21న దొరికాయి.

ఆ రాత్రి విమానాశ్రయం పక్క లాడ్జిలో ఫోనులో 6 లక్షలు చూపిన గదికి కౌంటరులో 14 లక్షలు అడిగారు. అమ్మ కాళ్లు వాచి ఉన్నాయి, బేరమాడే ఓపిక లేదు. దుప్పటి మీద ఎవరివో వెంట్రుకలు. ఏసీ నీళ్లు సరిగ్గా అబ్బాయి దిండు మీద పడుతున్నాయి. అలాంటి చోటికి పోకండి. టాక్సీలో అరగంట వెళ్తే సానూర్‌లో ఇళ్లల్లోనే గదులు ఇస్తారు. మాకు రెండు గదులు, ఉదయం ఫలహారంతో రోజుకు 4 లక్షలకే దొరికాయి.

ఆ ఇంటి ఆవిడను మరిచిపోలేను. అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయంటే, ఖాళీ అట్ట పట్టుకుని స్కూటరు మీద మందుల దుకాణానికి వెళ్లి అవే తెచ్చింది. మేము మాంసం, చేప ముట్టమని చెబితే టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద) వేయించి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, నిమ్మగడ్డి సన్నగా తరిగి, కొబ్బరినూనెతో కలిపి అన్నంలోకి పెట్టింది. నాలుగు రోజులుగా బ్రెడ్డుతో నెట్టుకొస్తున్న అమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. లకి-లకి అంటే మగ అని, పక్కనే పెరెంపువాన్ అనే ఆడ శిఖరం ఉందని ఆవిడే చెప్పింది. 2024 నవంబరులో మగకొండ రాత్రివేళ పేలితే కింది ఊళ్లలో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఆ సంగతి చెబుతూ ఆవిడ గొంతు తగ్గించింది.

బెంగళూరు చేరాక ఏజెంటు తేదీ మార్పు రుసుమంటూ 12,000 అడిగాడు. మార్పు ఉచితమని విమాన సంస్థ ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను. "సిస్టంలో అలా చూపించింది సార్" అన్నాడు. నేను పైసా ఇవ్వలేదు. లాడ్జి బిల్లు కూడా అతని ముందే పెట్టి వచ్చాను.