అక్రా, కుమాసీ, కోటోనూ: పాత హైలైఫ్ ప్లేట్ల కోసం వెళ్తే ఎక్కడ దిగాలి, ఎంత ఇవ్వాలి

హైలైఫ్ అంటే గిటార్లూ బాకాలతో సాగే ఘనా డాన్సు పాటలు. వాటి పాత గ్రామఫోన్ ప్లేట్లు కొని, పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వెళ్ళాం. ఘనా రాజధాని అక్రాలో 40 ప్లేట్లకి 3,200 సెడీలు (అక్కడి డబ్బు) పోశాం. మోగినవి పదకొండు. ఆరు కవర్లలో ఉన్నది వేరే ప్లేటు, నాలుగు వంకర తిరిగినవి, మిగతా 19 సూది పెట్టగానే వేపుడు చప్పుడు తప్ప పాట లేదు. అందుకే మొదటి సలహా గట్టిగా చెబుతున్నాను: లాడ్జికి గోనెసంచి మోసుకొచ్చి "అన్నీ పాడతాయి" అనే దళారి దగ్గర ఒక్కటి కూడా కొనొద్దు. సంచి మొత్తానికి ఒకే ధర చెప్పాడంటే అందులో మంచివి ముందే ఎవరో ఏరుకుపోయారని అర్థం.

అవి ఎందుకలా పాడవుతాయో తెలిస్తే చూడగానే పట్టేయొచ్చు. బార్లలోనూ పెళ్ళిళ్ళలోనూ అరిగిన సూదితో, అది జారకుండా పైన నాణెం బరువు పెట్టి, ఏళ్ళ తరబడి వాయించారు. ఆ బరువుకి గాడి గోడలు చిరిగిపోతాయి. ప్లేటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకోండి. గాడులు నల్లగా నిగనిగలాడితే ఆశ ఉంది. బూడిద రంగులో మసగ్గా కనబడితే పైన ఒక్క గీత లేకపోయినా వదిలేయండి. గీతలు పడ్డ ప్లేటు టిక్కు టిక్కుమంటూనైనా పాడుతుంది. అరిగినదానికి మందు లేదు. కవరు మీది నంబరూ, లోపలి ప్లేటు లేబుల్ మీది నంబరూ ఒకటేనా చూడండి. ఇవన్నీ చూశాక కూడా వినాల్సిందే. బ్యాటరీతో నడిచే చిన్న టర్న్‌టేబుల్, అదనంగా రెండు సూదులు, హెడ్‌ఫోన్లు సంచిలో లేకుండా ఈ పనికి బయల్దేరొద్దు.

కుమాసీ మాత్రం కడుపు నింపింది. ఘనాలోనే, అక్రా నుంచి సుమారు 250 కిలోమీటర్లు. మేం వెళ్ళినప్పుడు ఏసీ బస్సుకి 150 సెడీలు, దారంతా ఐదారు గంటలు. గిటార్ బ్యాండ్ల హైలైఫ్‌కి ఆ ఊరు పుట్టిల్లు లాంటిది. అంబాసడర్ కంపెనీ ప్లేట్లు అచ్చేసింది అక్కడే. నానా అంపాడు నడిపిన ఆఫ్రికన్ బ్రదర్స్ బ్యాండ్, గాయకుడు కె. ఫ్రింపాంగ్ పాటలు ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్ళ నోట్లో నానుతూనే ఉంటాయి. కెజెతియా మార్కెట్ చుట్టుపక్కల రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు స్టూలు వేసి కూర్చోబెట్టి, ప్రతి ప్లేటూ రెండు వైపులా వినిపించి, "ఇది అరిగింది, వద్దు" అని తనే పక్కన పెట్టేశారు. 7 అంగుళాల చిన్నవి 40 సెడీలు, పెద్ద ప్లేట్లు, అంటే ఎల్పీలు, 150. బేరం ఆడబుద్ధి కాలేదు. రికార్డుల దుకాణం కోసం కాకుండా రేడియో మెకానిక్కుల కోసం అడగండి. సరుకు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

లక్కతో చేసిన 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపువి) దొరికితే మరింత జాగ్రత్త. కుమాసీ ట్రయో బృందం 1928లో లండన్ వెళ్ళి జోనోఫోన్ కంపెనీకి పాడింది ఇలాంటి వాటి మీదే. మన పద్యనాటకాల ప్లేట్లదీ అదే పదార్థం. ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్, లీటరుకి రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు, అంతే. గాడి తిరిగే దిక్కునే తుడవాలి, అడ్డంగా కాదు. వీటికి సూది కూడా వేరే, లావుది కావాలి. ఎల్పీ సూది గాడి అడుక్కి దిగి, ఆ బురబురలో పాట సరిగా వినిపించదు.

బస విషయానికొస్తే, అక్రాలో 480 సెడీలు తీసుకున్న గెస్ట్‌హౌస్ పని చెడగొట్టింది. కరెంటు పోవడాన్ని అక్కడ "డుమ్‌సోర్" అంటారు, ఆరడం వెలగడం అని. పోయినప్పుడల్లా జనరేటర్ వేస్తారు, ఆ గూంకారం మొత్తం రికార్డింగులోకి ఎక్కింది. సాకెట్‌కి ఎర్త్ లేదు. రెండు రాత్రుల పని తీసి పారేయాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీదే ఎక్కించుకోండి. ఇంకో సంగతి: రాత్రంతా ఏసీలో చల్లబడ్డ ప్లేట్లని పొద్దున్నే బయటి ఉక్కలోకి తీస్తే చెమ్మ పడుతుంది, దానిమీదే కవరు మూస్తే బూజు. సంచి విప్పకుండా రెండు గంటలు ఆగాలి.

తిండికి ఢోకా లేదు. అలసందలు వేసి వండిన వాచే అన్నం, మీద షితో కారం. గుంటూరు నాలుకకి కూడా సరిపోతుంది. షితోలో ఎండు చేప, రొయ్య పడతాయి. శాకాహారి మిత్రుడు అది తెలిశాక ఒక పూటంతా మాట్లాడలేదు. అలాంటివాళ్ళకి అలసందల కూర, వేయించిన అరటి ఉన్న రెడ్-రెడ్ చెప్పండి, చేప వద్దని మరీ మరీ చెప్పండి.

బెనిన్ దేశంలోని కోటోనూకి అఫ్లావో దగ్గర ఘనా సరిహద్దు దాటి, టోగో రాజధాని లోమే మీదుగా వెళ్ళాలి. ఆర్కెస్టర్ పాలీ-రిత్మో అనే బ్యాండ్ ఊరది, వాళ్ళ పాటలు చాలా అల్బారికా స్టోర్ లేబుల్ మీద వచ్చాయి. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు తోడు లేకపోతే ధర రెట్టింపు. జెమిజాన్ అనే అద్దె మోటార్‌సైకిల్ ఎక్కేముందే రేటు తేల్చుకోండి. మూడు దేశాల వీసాలూ ఇంటి దగ్గరే చూసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు పడాలి. ఆ కార్డు తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్‌లోనూ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్.

సర్దేటప్పుడు ప్లేటుని కవరులోంచి తీసి, లోపలి కాగితంతో సహా కవరు వెనక పెట్టండి. లేదంటే కుదుపులకి కవరు అంచులు చీలిపోతాయి. అన్నీ నిలువుగానే. కవరుతో ఎల్పీ పావుకిలో దాకా తూగుతుంది, 23 కిలోల పెట్టెలో ఎనభై పట్టినట్టే. లక్క ప్లేట్లు చేతిసంచిలో.

పంచుకోవడం గురించి. పాటల్ని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అనే ఎక్కువ నాణ్యతలో ఎక్కించి, చప్పుళ్ళు తీసేయని ఆ అసలు ఫైలు విడిగా దాచండి. రెండు లేబుళ్ళ ఫొటోలూ తీయండి, గాయకుడి ఊరూ పేరూ చాలాసార్లు అక్కడే దొరుకుతాయి. ఘనా 2005 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 70 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది, కాబట్టి మనిషినో కుటుంబాన్నో వెతక్కుండా బయటపెట్టడం దొంగతనమే. ఘనా గాయకుడు అటా కాక్ 1994 నాటి క్యాసెట్ 2002లో కేప్ కోస్ట్‌లో ఓ అమెరికన్ చేతికి దొరికింది. మనిషిని వెతికి పట్టుకుని, ఒప్పందం చేసుకుని, 2015లో మళ్ళీ విడుదల చేశారు. అన్నేళ్ళు పట్టినా అలాగే చేయాలి.

ఎక్కించిన పాటలు ఎంపీ3గా మార్చి ఒక పెన్‌డ్రైవ్ అమ్మినవాళ్ళకి ఇచ్చి రండి. కుమాసీ పెద్దాయన దాన్ని కొట్లో రేడియోకి తగిలించగానే పక్క కొట్టు కుట్టుపనివాడు మిషను ఆపి వచ్చి, మూడో పాట మళ్ళీ పెట్టమన్నాడు.