బరంపురం రామలింగం పార్కు, 5 స్టార్లు ఇస్తున్నా
రామలింగం చెరువు పక్కన పార్కు ఇది, సాయంత్రం మా అమ్మని తీసుకెళ్తే పెద్ద శివుడి బొమ్మ ఎదురుగా కూర్చుని చెరువు గాలికి ఇంక లేవదు, ఒడియా వాళ్ళు తెలుగు వాళ్ళు అందరూ పిల్లల్ని వేసుకుని వస్తారు, చాలా బావుంటాది. కానీ మొన్న ఆదివారం ఎవరో గుప్‌చుప్ తినేసి ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు గట్టు మీదే వదిలేశారు, మనసు పాడైపోయింది. అసలు ఇవి 2022 జులై 1 నుంచి దేశమంతా బ్యాన్ కదా, గాలికి నీళ్ళలో పడితే కుళ్ళవు, ముక్కలు ముక్కలై అక్కడే ఉండిపోతాయి. డస్ట్‌బిన్ దగ్గర్లో లేకపోతే సంచిలో వేసి ఇంటికి పట్టుకెళ్ళండి, మేం అలాగే చేస్తున్నాం. పిల్లలకి పువ్వులు కొయ్యొద్దని కూడా చెప్పండి బాబూ. పొద్దున్న నడకకైతే ఇంకా ప్రశాంతంగా ఉంటాది, తప్పకుండా రండి.