హెచ్‌డీపార్మ్‌తో మూడేళ్లు: సస్పెండ్ తర్వాత మళ్లీ వినిపించిన టిక్కు

లినక్స్ డెస్క్‌టాప్‌లో హార్డ్ డ్రైవు అమరికలను మార్చే హెచ్‌డీపార్మ్ అనే సాధనాన్ని మూడేళ్లుగా వాడుతున్నాను. అది చేసే పనులన్నింటిలో నాకు అక్కరకు వచ్చింది ఒక్కటే, హార్డ్ డ్రైవు విద్యుత్ పొదుపు స్థాయిని మార్చడం. ఆ ఒక్క పనితోనే అది నా డ్రైవును కాపాడిందని నమ్ముతున్నాను.

నా డేటా డ్రైవు రెండు మూడు నిమిషాలకోసారి సన్నగా టిక్కుమనేది. ఏడాదిన్నర పాటు ఆ శబ్దాన్ని పట్టించుకోలేదు. ఒక రోజు డ్రైవు ఆరోగ్య వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే సాధనంతో చూస్తే, 193 నంబరు వరుసలోని లోడ్ సైకిల్ కౌంట్ (హెడ్లు పార్కు అయిన లెక్క) 1,84,000 దాటి ఉంది. డ్రైవు నడిచిన గంటలు మాత్రం 9,000 కూడా నిండలేదు. అంటే గంటకు ఇరవై సార్లకు పైగా డేటాను చదివి రాసే హెడ్లు పక్కకు వెళ్లి పార్కు అవుతూ, ఏ చిన్న లాగ్ ఫైలు రాయవలసి వచ్చినా మళ్లీ డేటా ఉండే పళ్లేల (ప్లాటర్ల) మీదికి వస్తున్నాయి. ఆ డ్రైవు వివరపత్రంలో ఇచ్చిన పరిమితి 3,00,000 సార్లు. డ్రైవు విద్యుత్ పొదుపు స్థాయిని తెలిపే ఏపీఎం విలువ 128గా ఉంది. 128 నుంచి 254 వరకు ఏ విలువ పెట్టినా డ్రైవు తిరగడం ఆగదు గానీ, నా డ్రైవులో 128 దగ్గర హెడ్లు పార్కు కావడం మాత్రం ఆగలేదు. 254 పెట్టగానే టిక్కు ఆగిపోయింది. అదే విలువను హెచ్‌డీపార్మ్ అమరికలుండే కాన్ఫ్ ఫైలులో రాసి, రీబూట్ చేసి సరిచూసుకుని, ఇక పని అయిపోయిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక రాత్రి, సస్పెండ్ నుంచి లేపిన కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా అదే టిక్కు మళ్లీ వినిపించింది. చూస్తే కౌంట్ 2,600 పెరిగి ఉంది. సస్పెండ్‌లో డ్రైవుకు కరెంటు ఆగిపోతుంది, తిరిగి అందగానే అది తన పాత 128కే వెళ్లిపోతుంది. నా కంప్యూటర్లో కాన్ఫ్ ఫైలు బూటప్పుడు తప్ప అమలు కావడం లేదు. రీబూట్ చేసి చూశానే తప్ప, రోజూ వాడే సస్పెండ్‌ను ఒక్కసారీ పరీక్షించలేదు. చివరికి లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ వారి సిస్టమ్-స్లీప్ ఫోల్డరులో, సస్పెండ్ నుంచి లేచిందని తెలిపే ‘పోస్ట్’ అన్న మాట అందినప్పుడు 254ను మళ్లీ పెట్టే నాలుగు వరుసల స్క్రిప్టు రాసి పెట్టాను. కొత్త డిస్కు తగిలిస్తే లినక్స్ డ్రైవులకిచ్చే ఎస్‌డీబీ వంటి పేర్లు మారిపోవచ్చు కనుక, అందులో డ్రైవును దాని మోడల్, సీరియల్ నంబరుతో గుర్తించే బై-ఐడీ దారితోనే సూచించాను. అప్పటి నుంచి ఇప్పటి వరకు కౌంట్ 1,89,000 దాటలేదు.

254తో నష్టమేమీ లేదని మొదట్లో మిత్రులకు చెప్పిన మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. డ్రైవు మునుపటి కంటే నాలుగు డిగ్రీలు వేడిగా నడుస్తోంది. నా కేబినెట్‌లో దాని ఎదురుగానే ఫ్యాన్ ఉంది కాబట్టి సరిపోయింది. పైగా ఏపీఎంను అసలు పట్టించుకోని డ్రైవులు ఉన్నాయి, యూఎస్‌బీ పెట్టెల్లో చాలా వాటి గుండా ఈ ఆదేశం డ్రైవు దాకా చేరదు.

కదలకుండా ఒకే చోట ఉండి, పగలంతా పని చేసే డెస్క్‌టాప్‌కు ఈ అమరిక నాకు నచ్చింది. చేతిలో అటూ ఇటూ తిరిగే ల్యాప్‌టాప్‌లో హెడ్లు పార్కు అయి ఉండడమే కుదుపుల నుంచి రక్షణ, అందువల్ల నా పాత ల్యాప్‌టాప్‌లో 192 దగ్గరే ఆగాను. అక్కడ గంటకు ఒకటి రెండు సార్లు టిక్కు వినిపిస్తుంది, దాన్ని అలాగే ఉండనిచ్చాను.