పన్ను కోసం వెళ్తే నోరంతా చూశారు

అమలాపురంలో ఉన్న ఈ పళ్ళ క్లినిక్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో ముందే చెప్పేస్తాను. టైము ఇచ్చింది పదకొండింటికి, లోపలికి పిలిచింది ఒంటిగంటకి. మొదటి అంతస్తు, నిటారు మెట్లు, లిఫ్ట్ లేదు. బండి పెట్టుకోవాలంటే కాలవగట్టు దాకా పోవాలి.

నాది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం, వయసు 54. ఇరవై ఏళ్ళ నుంచి ఖైనీ, భోజనం అయ్యాక వక్కపొడి వేసిన కిళ్ళీ. నోట్లో ఏదో ఒకటి లేకపోతే కాయల లెక్క తప్పుతుందని నా నమ్మకం. ఆమధ్య నాలుక కుడిపక్కన చిన్న పుండు లేచింది. దవడ పన్ను ఒకటి విరిగి మొనదేలి ఉంది, అదే గీసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా మందుల షాపులో బి-కాంప్లెక్సు, నోటిపూత జెల్లు కొనుక్కుంటూ నెలన్నర లాగించాను. ఎన్నాళ్ళయిందని షాపతను ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి. చివరికి మా ఆవిడ పోరు పడలేక, పన్ను అరగదీయించుకుందామని వచ్చాను.

డాక్టరమ్మది మా పెద్దమ్మాయి వయసు. "ఖైనీ వేస్తారా బాబాయ్ గారూ?" అని అడిగారు.

"ఆయ్, అప్పుడప్పుడూనండి."

"రోజుకి ఎన్ని ప్యాకెట్లు?"

"మూడండి."

నవ్వలేదు, తిట్టలేదు. పన్ను సంగతి తర్వాత, ముందు నోరు చూడనివ్వండి అన్నారు. చూడటమంటే టార్చి కొట్టి 'ఆ' అనమనడం కాదు. మెడ మీద, దవడ కింద గడ్డలేమైనా తగులుతాయేమోనని వేళ్ళతో తడిమారు. పెదవులు తిప్పి చూశారు. నాలుక కొసని గాజుగుడ్డతో పట్టుకుని బయటికి లాగి రెండు పక్కలా, అడుగునా చూశారు. తర్వాత అంగిలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళకి క్యాన్సర్ ఎక్కువగా అక్కడే వస్తుందట. లంక పుగాకు చుట్ట తప్ప ఇంకోటి ఎరగని మా నాయనమ్మ గుర్తొచ్చింది. మొత్తం కలిపి ఐదు నిమిషాలు పట్టిందేమో.

పుండు కాక ఇంకోటి దొరికింది. కింది పెదవి లోపల, నేను ఖైనీ నొక్కిపెట్టే చోట, తెల్లమచ్చ. గాజుగుడ్డతో గట్టిగా తుడిచినా పోలేదు. అద్దం నా చేతికిచ్చి చూసుకోమన్నారు. లేతబొండంలో మీగడలా తెల్లగా, పైన ముడతలు పడి, బొటనవేలి గోరంత ఉంది. రోజూ నా వేలు పెట్టే చోటే, ఒక్కసారి కూడా పెదవి తిప్పి చూసుకోలేదు. నొప్పి లేదు మరి. "నొప్పి లేకపోవడమే దీనితో తంటా" అన్నారావిడ. ప్యాకెట్ మీద ఆ బొమ్మ ఇన్నేళ్ళూ చూస్తూనే చింపాను.

తర్వాత మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పెట్టమన్నారు. రెండే పట్టాయి. ఏడాదిగా తాపేశ్వరం కాజా కొరకలేక తుంచుకుని తింటున్నాను. ఆవకాయ తింటే నోరు మండిపోతోందని, కారం ఎక్కువేశావని మా ఆవిడ మీద ఎగిరాను కూడా. అదంతా వక్క పనట. బుగ్గ లోపలి పొర గట్టిపడి తాళ్ళలా బిగుసుకుపోతుందట. పుగాకు కలవకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే చెప్పిందట. నేనేమో అరుగుదలకి మంచిదని వేసుకుంటున్నాను.

పన్ను మొన అరగదీశారు. రెండు వారాల్లో పుండు మానకపోతే దాన్నీ పరీక్షకి పంపాలన్నారు, పదో రోజుకే మానింది. తెల్లమచ్చకి మాత్రం ఆ రోజే మత్తు సూది వేసి బియ్యపు గింజంత ముక్క తీసి రెండు కుట్లు వేశారు. రిపోర్టు రావడానికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ నాకు కాయల లెక్క నిజంగానే తప్పింది.

క్యాన్సర్ కాదని వచ్చింది. కానీ కణాల్లో మార్పు మొదలైందట, ఇంకా తొలి మెట్టులోనే ఉందట. ఖైనీ, వక్క రెండూ మానాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. మచ్చ ఎర్రబడినా, గట్టిపడినా, రక్తం కారినా అప్పటిదాకా ఆగకూడదు. మానేస్తే మచ్చ తగ్గవచ్చు కానీ బిగుసుకున్న బుగ్గ పూర్తిగా మామూలవదని మొహమాటం లేకుండా చెప్పారు. రోజూ ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టి నోరు సాగదీస్తున్నాను. మా మనవడికి ఇదో ఆట.

ఫీజు 300, ముక్క పరీక్షకి వేరే. క్యాపులూ క్లీనింగులూ అంటగట్టలేదు. ఇంకో మాట కూడా చెప్పారు: 30 దాటినవాళ్ళకి బీపీ, షుగరుతో పాటు నోరు చూడటం కూడా ప్రభుత్వ కార్యక్రమంలో ఉందట, అదీ ఉచితంగా. మా ఊరి ఏఎన్ఎం వచ్చినప్పుడు బీపీ చూపించుకుని, నోరు తెరవమంటే "ఖైనీ ఉందమ్మా, మళ్ళీ రా" అని పంపేసిన ఘనుణ్ణి నేనే.

మొన్న కొట్లో మా గుమాస్తాని వేళ్ళు పెట్టి చూసుకోమన్నాను. మూడూ పట్టాయి. కానీ బుగ్గ తిప్పి చూస్తే ఎర్రగా ఒక మచ్చ, ఎప్పటి నుంచో వాడికే తెలీదు. శనివారం తీసుకెళ్తున్నాను. ఈసారి మొదటి నంబరు రాయించాను.