ఆకుల చెత్తకి మైకు మేలా, గొయ్యి మేలా?

మాఘమాసం వచ్చిందంటే శ్రీకాకుళంలో మా వీధి బాదంచెట్టు ఎర్రబడ్డ ఆకులన్నీ ఒక్కసారే దులిపేస్తుంది. మొన్న ఎదురింటి అప్ప వాటిని పోగేసి అగ్గిపెట్టె తీసేసరికి ప్రచారం ఆటో వచ్చింది. చెత్త తగలబెట్టరాదని మైకు. ఆవిడ ఆగి, అంతా విని, "మరేటి సెయ్యాలో సెప్పడేటి బావూ!" అంది. ఆటో మలుపు తిరగ్గానే పుల్ల గీసేసింది.

తోట చెత్త విడిగా ఉంచాలనీ, తగలబెట్టకూడదనీ 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఇంట్లోనే ఎరువు చేసుకోవడం జనానికి నేర్పే బాధ్యత కూడా స్థానిక సంస్థల మీదే పెట్టాయి. అంచేత అవగాహనకి ఖర్చు తప్పదు. దేనిమీద అన్నదే పేచీ.

మైకుని తీసిపారెయ్యను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానం కొబ్బరిచెట్లు కూలిపోయినట్టు కూలితే, మట్టలూ మొద్దులూ ఎక్కడ వెయ్యాలో, బండి ఏ రోజు వస్తుందో చెప్పడానికి మైకుని మించింది లేదు. కబురు మోస్తుంది, పని నేర్పదు. ఇక ఫ్లెక్సీలంటారా, నెల తిరిగేసరికి అవే చెత్త.

బడిపిల్లలకి చెప్పడం మంచిదే, కానీ ఇంట్లో చీపురు పట్టేది వాళ్లు కాదు కదా.

నా ఓటు వార్డుకో నమూనా ఎరువు గోతికి. బాదం ఆకు మందం. ఊరికే పోగేస్తే నెలలైనా అలాగే పడుంటుంది. కాళ్లతో తొక్కి నలిపి, జానెడు మందం పరిచి, పైన వంటింటి తొక్కలు, పేడనీళ్లు, గుప్పెడు మట్టి వెయ్యాలి. అలా పొరలు పొరలుగా. మధ్యలోంచి పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. కారిపోతే కంపు కొడుతుంది, పొడిగా ఉంటే ఎరువు కాదు. ఆ తడి ఎంతో ఆటోలోంచి ఎలా చెబుతారు? చేత్తో పట్టుకు చూడాల్సిందే. కొబ్బరిమట్టలు మాత్రం ఈ గోతిలో వెయ్యకండి, ఓ పట్టాన చివకవు. ఈనెలు చీపురుకి తీసి, మిగతాది ముక్కలు కొట్టి చెట్ల మొదట్లో కప్పెయ్యడమే.

దీనికీ చిక్కుంది. ఫలితం కంటికి కనబడ్డానికి రెండు మూడు నెలలు పడుతుంది. గొయ్యి తవ్వేసి వెళ్లిపోతే నాలుగో వారానికి అది ఉమ్ముల గుంట. అందుకే డబ్బు గోతికంటే మనిషి మీద ఎక్కువ పెట్టాలి. రోజూ మన గుమ్మంలోకొచ్చే పారిశుధ్య కార్మికురాలికే నేర్పి, ఆ పనికి వేరే కూలి ఇవ్వాలి. జీతంలో కలిపేసి మరో బరువు పెడితే ఎవరు చేస్తారు? నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమానికి ఎలాగూ జనం పోగవుతారు, ఆ పూట చీపుర్లతో ఫొటోలు కాస్త తగ్గించి గోతిలో ఆకులు తొక్కిస్తే సరి.

నిన్న అప్ప నన్నడిగింది, "గోతిలోకి పాములొచ్చెయ్యవేటి?" అని. రేకు ముక్క కప్పి రాయి పెట్టమన్నాను. ఇంకా ఆలోచిస్తోంది.